రాళ్లు కాలిన పొయ్యి

సౌదీలోని హాయిల్ అన్న ఊరి పేరులో హాయి ఉంది. చివరి పొల్లు ఆ హాయికి తాళం వేసి, తాళంచెవిని కఫీలు జేబులో పడేసింది. ఈ మాట లింబాద్రిది. కఫీలంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని. లింబాద్రి లెక్కలో మాత్రం కఫానికి అన్నగారు, ఎందుకంటే ఇద్దరూ ఛాతీ మీదే కూర్చుంటారు. ఒక మాట చేతికి చిక్కిందంటే కోడిని పట్టినట్టు పట్టి ఈకలన్నీ పీకేదాకా వదిలే మనిషి కాదు. మజ్రా అంటే పొలం అని కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు, "మజా ఉంటదనుకునేవు, అండ్ల 'రా' అన్న పిలుపొక్కటే మనది" అనేవాడు. ఖుబ్బూసు రొట్టె తిని తిని కుబుసం విడుస్తున్నానని ఇంటికి ఫోను చేసి పెళ్లాన్ని భయపెట్టేవాడు. జగిత్యాల పక్క పల్లె నుంచి నల్లటి మీసంతో వచ్చి తెల్లటి మీసం దాకా ఇక్కడే ఉన్నాడు. ఒళ్లంతా అరిగినా నోరు మాత్రం కొత్త సరుకులా మెరుస్తూనే ఉంది.

ఆ నోటికి కొత్తగా దొరికిన చెవులు రాజేశానివి. సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికినవాడు. మగ్గాలు మూలపడ్డాక, "నేత పోయింది, మేత కోసమొచ్చిండు" అని లింబాద్రే వాడికి పరిచయవాక్యం రాసిపెట్టాడు. రాజేశం నవ్వేవాడు కాదు. భార్య పోయింది. కూతురు మన్విత వాడి అక్క దగ్గర పెరుగుతోంది. వచ్చిన కొత్తలో ఫోను చేస్తే పిల్ల తెర మీదికి ముద్దు పెట్టేది. తర్వాత తర్వాత పలకరించి పారిపోయేది. ఈ మధ్య ఫోను చూపిస్తే మేనత్త కొంగు చాటుకు పోయి, "అమ్మా, ఆయనెవలు?" అని అడిగింది. అమ్మ అన్నది మేనత్తను. ఆ రోజు రాజేశం అన్నం ముట్టలేదు. కీర కాయల కోత అయిపోగానే ఇంటికి పంపిస్తానని కఫీలు అబూ నాయిఫ్ మాట ఇచ్చి ఉన్నాడు. ఆ మాట పట్టుకునే రాజేశం తీగ తీగకూ వంగి, పిందెలను కూడా ఎదగమని బతిమాలుతున్నాడు.

పొలం అబూ నాయిఫ్‌ది, సాగు ఖాదర్ మొహిద్దీన్‌ది. ఖాదర్‌ది ప్రొద్దుటూరు. డ్రైవరుగా వచ్చి, ఆ ముసలాయన నమ్మకం సంపాదించి, ఈ బీడులో ప్లాస్టిక్ గుడారాలు లేపి పంటలో సగం పాలుకు చేస్తున్నాడు. కాగితం లేదు. ఇద్దరి మధ్యా ఉన్నది గహ్వా, అంటే అరబ్బు కాఫీ, తాగుతూ ఇచ్చిపుచ్చుకున్న మాటే. "గహ్వా మీద రాసిన దస్తావేజు గవ్వకు కొరగాదు ఖాదర్ భాయ్" అని లింబాద్రి ఎన్నిసార్లు అన్నా, "ఆ పెద్దాయన మాట మీద నిలబడే మనిషప్పా" అనేవాడు ఖాదర్.

పొలం చివర, ఎండిన వాగు ఒడ్డున, ఒక పాత మట్టి ఇల్లు ఉంది. సగం కప్పు కూలిపోయింది. గోడలు వానలకు కరిగి, కొరికి వదిలిన బెల్లం దిమ్మలా ఉన్నాయి. దాని ఛాయలకు ఎవరూ పోరు. మేక తప్పిపోయి లోపలికి దూరితే కాపరి బయట నిలబడి ఈల వేస్తాడే తప్ప గడప తొక్కడు.

"ఎందుకు పోరన్నా?" అని ఒక పొద్దున గుడారంలో కాయలు తెంపుతూ రాజేశం అడిగాడు.

లింబాద్రికి అంతకన్నా ఏం కావాలి? బుట్ట పక్కన పెట్టాడు.

"అబూ నాయిఫ్ లేడా, ఆయన తాత ముచ్చట. అప్పుడు ఈ భూమి ఒక పాలికాపు చేస్తుండె. మన ఖాదర్ భాయ్ లెక్కనే అనుకో. ఈ పొలంల ఉన్న బాయి గూడ వాడే తవ్విండట, చేతులతోని. ఒక ఏడు వాన లేకపాయె. ఉన్న నాలుగు గింజలల్ల నా పాలు నాకియ్యి, పిల్లలు సస్తున్నరని అడిగిండు. అడిగినందుకు తాత ఏం జేసిండు? ఒంటెలకు తాళ్లు గట్టి వాడున్న గా ఇంటి దూలాలు గుంజిపిచ్చిండు. పొయ్యి మీద కుండ ఉండంగనే కప్పు కూలింది."

"అయ్యో."

"అప్పుడు ఆ పాలికాపు పెండ్లాం ఏడ్వలే. తన పొయ్యి తానే ఆర్పింది. బయటికి వోయి రాళ్లు ఏరుకొచ్చింది. కట్టెలు పేర్చినట్టు పొయ్యిల అడ్డం నిలువు పేర్చింది. పేర్చి తాతను పిలిచి చెప్పింది: ఈ రాళ్లు అంటుకున్న నాడు నీ ఇల్లు సల్లగుంటది. అందాక నీకు, నీ వంశానికి నిద్ర లేదు అని. అంటే రాయి కాలేదాక రాయితీ లేదన్నట్టు!"

తన చమత్కారానికి తానే నవ్వి, మళ్లీ గొంతు తగ్గించాడు. "తాత అదే బాయిల వడి సచ్చిండు. ఆయన కొడుక్కు కండ్లు వోయినయి. తరానికొక్కడే కొడుకు, వాడూ గండంలనే. ఇప్పుడు సూడు, అబూ నాయిఫ్ కొడుకు నాయిఫ్ కారు బోల్తా కొట్టి రియాద్ ఆస్పత్రిల కన్ను తెరువకుండ పన్నడు. ముసలాయన ఆడనే కూసున్నడు. ఆ రాళ్లు ఇంక గా పొయ్యిలనే ఉన్నయి, నేను కిటికీలకెళ్లి సూశిన."

రాజేశం సర్దుతున్న తీగ వదిలాడు. "ఇన్నేండ్లల్ల ఎవలన్న అగ్గి వెట్టి సూశిండ్రా?"

ఈ కథను లింబాద్రి ఎందరికో చెప్పాడు. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. నోటికి పని దొరకని అరుదైన సందర్భం కనక కీరకాయ కొరికాడు.

ఆ వారమే వాన పడింది. హాయిల్‌లో వాన అతిథిలా రాదు, జప్తుకొచ్చినట్టు వస్తుంది. కొండల మీది నీళ్లన్నీ వాగులోకి దిగి, వాగు పక్కనున్న వాళ్ల రేకుల గదిని ఎత్తుకుపోయాయి. కొంప మునిగిందని జనం మాటవరసకు అంటారు. వీళ్ల పరుపులు, వంటగిన్నెలు, రాజేశం కూతురికి కొన్న బొమ్మ, అన్నీ కళ్ల ముందే తేలుకుంటూ పోయాయి. గుడారాలు, ఆ పాత ఇల్లు ఎత్తున ఉన్నాయి కనక మిగిలాయి.

ఖాదర్ మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. "కొత్త గది తెప్పిస్తాలేప్పా. అంతదాకా ఆ పాత కొంపలో సర్దుకోండి. రెండు గదులకు కప్పు బాగానే ఉండాది."

"అబూ నాయిఫ్‌కు తెలిస్తే తోలు తీస్తడు భాయ్" అన్నాడు లింబాద్రి.

"ఆయన రియాద్‌లో కొడుకు కాడ ఉండాడు. యాడ తెలుస్తాదప్పా? చలికి చచ్చేదానికంటే దయ్యానికి చచ్చేది మేలు, అదన్నా పక్కన ఉంటాది."

లింబాద్రి ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది రాజేశం. వాడికి శాపం భయం లేదు, జిన్నుల భయం లేదు. గడప దగ్గర మిగిలిన బట్టల మూటతో నిలబడి, "పాలు పొంగియ్యకుండ నేను సొర" అన్నాడు.

"ఓరి నీ! మనం గృహప్రవేశానికొచ్చినమా? తడిసిన కుక్కల్లెక్క తలదాసుకుంటందుకు వచ్చినం."

"కుక్కలైతె సొస్తయి. నేను సొర. సిరిసిల్లల కిరాయి ఇల్లు మారినప్పుడు తొందరవడి పాలు పొంగియ్యకుండ సొచ్చినం. ఏడాది తిరుగలే, నా పెండ్లాం మంచం వట్టి వోయింది. నువ్వు నవ్వుతె నవ్వు."

లింబాద్రి నవ్వలేదు. ఆ రాత్రికి ఇద్దరూ గుడారంలో కీర తీగల మధ్యే ముడుచుకున్నారు. తెల్లారాక లింబాద్రే ఖాదర్ దగ్గర గిన్నె, బియ్యం, ఖర్జూర పాకం, పసుపు అడిగి తెచ్చి, పక్క పొలంలో మేకలు కాచే సూడాన్ ముసలాయన దగ్గరికి చెంబు పట్టుకుని వెళ్లి పాలు తెచ్చాడు.

పొయ్యి సగం కప్పు కూలిన పెద్ద గదిలో, గోడవారన నేలలో తవ్విన గుంట. అందులో రాళ్లు నిజంగానే కట్టెల్లా పేర్చి ఉన్నాయి, దుమ్ము దుప్పటి కప్పుకుని. రాజేశం మొదటి రాయి మీద చెయ్యి వేసినప్పుడు లింబాద్రి గడప దాకా వెనక్కి జరిగాడు.

"తమ్మీ, వాటిని ముట్టకురా."

"పొయ్యిల రాళ్లు పొయ్యికి గాకుంటె దేనికన్నా?"

మూడు పెద్ద రాళ్లను పొయ్యిగడ్డల్లా నిలిపాడు. మిగతావి చుట్టూ, మధ్యన సర్దాడు. ఎండు ఖర్జూరపు మట్టలు దోపి నిప్పు పెట్టాడు. ఖాదర్ ఇచ్చిన పసుపు తీసి గిన్నె మెడకు రాశాడు. మంట రాళ్ల సందుల్లోంచి లేచి, ఎన్నో ఏళ్ల దుమ్ము పొగై, గది నిండా చేదు వాసన వేసింది. పాలు మెల్లగా లేచాయి. తూర్పు వైపు పొంగి, రాళ్ల మీద పడి, బుస్సుమని నల్లగా మాడాయి. రాజేశం దండం పెట్టుకుని కూతురి పేరు పలికాడు.

అప్పటికి లింబాద్రి భయం తీరి నోరు తిరిగొచ్చింది. "సూశినవా? పాలు అడిగిన పాపానికి ఎల్లగొట్టిన ఇంట్ల పాలు పొంగినయి! పాలికాపు పాలు పాలికాపుకు ముట్టినట్టే." మిగిలిన పాలలో గుప్పెడు బియ్యం ఉడికించి, ఖర్జూర పాకం కలిపి తింటున్నారు. బయట పికప్పు ఆగిన చప్పుడైంది.

అబూ నాయిఫ్ రియాద్ నుంచి రాత్రే వచ్చాడట, వరద నష్టం చూసుకోవడానికి. పొగ చూశాడు. ఒంటెల కర్ర పట్టుకుని, ఆ వయసులో పరుగెత్తుకుంటూ వచ్చాడు. గడప దగ్గర ఆగిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆ గడప దాటలేదు. లోపల పొయ్యిలో రాళ్లు ఎర్రగా కాలుతున్నాయి. కర్ర ఎత్తి ఉంది, కొడతాడో పడతాడో తెలియడం లేదు.

ఆ కర్ర రాజేశం వీపు మీదికి వస్తుందని లింబాద్రికి అర్థమైంది. వచ్చిన అరబ్బీనంతా కూడదీసుకున్నాడు. "బాబాయ్, కోప్పడకు. శుభం, శుభం! రాళ్లు కాలాయి. ఆ తల్లి చెప్పింది తీరిపోయింది. మా దేశంలో పాలు పొంగితే ఇల్లు నిండుతుందని నమ్మకం. నీ ఇల్లు నిండుతుంది."

అబూ నాయిఫ్ కర్ర దించాడు. "ఎవరు కాల్చారు?"

"వీడే" అని లింబాద్రి గర్వంగా రాజేశాన్ని చూపించాడు.

ముసలాయన చాలాసేపు రాజేశం ముఖంలోకి చూశాడు. వెనక్కి తిరిగి పికప్పు ఎక్కి వెళ్లిపోయాడు. దెబ్బలు తప్పాయని లింబాద్రి సంబరపడ్డాడు. మధ్యాహ్నానికి రియాద్ నుంచి ఫోను వచ్చింది: నాయిఫ్ కళ్లు తెరిచాడు, నీళ్లు అడిగాడు.

ఇక చూడాలి వైభవం. మర్నాడు పికప్పులో కొత్త దుప్పట్లు వచ్చాయి, మాంసం వచ్చింది, పరుపులు, గ్యాసు బండ కూడా వచ్చాయి. గ్యాసు మీద వంట వండుకోవచ్చు, పొయ్యి మాత్రం ఆరకూడదన్నాడు అబూ నాయిఫ్. ఏ చెయ్యి ముట్టించిందో ఆ చెయ్యే దాన్ని నిలపాలి. రాజేశం పొలం పనికి పోనక్కర్లేదు. మట్టలు తెచ్చిపెట్టడానికి మనుషులున్నారు. వాడు ఆ రాళ్లను వేడిగా ఉంచితే చాలు.

"నీ రాత బాగున్నదిరా రాజేశం. అగ్గి ముందట కూసునే ఉద్యోగం! నిన్ను అగ్గి రాజేశం అని పిలువాలె ఇగ" అన్నాడు లింబాద్రి.

రాజేశం కూడా మొదట్లో సంతోషించాడు. నడుము వంచే పని తప్పింది. నాయిఫ్ రోజురోజుకీ కోలుకుంటున్నాడు. కాయల కోత చివరికొచ్చింది. కోత అయ్యాక ఇద్దరూ చేతులు కడుక్కుని, మంచి చొక్కాలు వేసుకుని, అబూ నాయిఫ్ ఇంటికెళ్లారు. ఖురూజ్ ఇప్పించమని, అంటే దేశం దాటే అనుమతి ఇమ్మని అడగడానికి.

అబూ నాయిఫ్ వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని గహ్వా పోశాడు. విన్నాడు. లేచి రాజేశం తల రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు.

"ఏమన్నడన్నా?" అన్నాడు రాజేశం, ముఖం వెలిగిపోతూ.

లింబాద్రి గహ్వా గిన్నె కింద పెట్టాడు. "నువ్వు ఆయన కొడుకువంటరా. కన్న కొడుకును ఎవలన్న పంపుతరా అంటున్నడు."

"కోత అయినంక పంపుత అన్నడు గద?"

అడిగాడు లింబాద్రి. ఆ మాట నిజమేనని ఒప్పుకున్నాడు ముసలాయన. అప్పటికి రాజేశం పనివాడు, ఇప్పుడు ఇంటి దీపం. కూతురిని ఇక్కడికి తెప్పించే మార్గముందేమో వాకబు చేస్తానన్నాడు. లింబాద్రి, శాపం తీరిందన్న మాట తాను రుచి కోసం మసాలా వేసి చెప్పానని, పాలు పొంగించడం తమ ఊళ్లో ప్రతి ఇంట్లో చేసేదేనని, దానికీ నాయిఫ్ కళ్లకీ ఏ సంబంధమూ లేదని చెప్పాడు.

"నువ్వు ఆ రోజు చెప్పింది అబద్ధమా, ఈ రోజు చెప్పేది అబద్ధమా?" అని అడిగాడు అబూ నాయిఫ్, మర్యాదగానే. "నా కొడుకు లేచిన రోజు చెప్పిన మాటనే నేను నమ్ముతాను."

ఖాదర్ కూడా వెళ్లి బతిమాలాడు. పని కాలేదు. "ఇప్పుడు ఫోన్లోనే మనమే ఖురూజ్ తీసుకోవచ్చునంట గద భాయ్" అని లింబాద్రి అడిగితే, "అది కంపెనీల్లో చేసేవాళ్లకప్పా, మన మజ్రా వాళ్లకు కాదు. పారిపోతే ఆయన కేసు పెడతాడు, పట్టుకుంటే జైలు. ఎంబసీకి రాయి, వాళ్లూ రాస్తారు. ఎవరి రాత వాళ్లది" అన్నాడు.

రాజేశం పాత ఇంట్లో కూర్చుంటున్నాడు. పొగకు కళ్లు ఎర్రబడ్డాయి, దగ్గు పట్టుకుంది. కనుబొమల వెంట్రుకలు కమిలిపోయాయి. ఎవరి పొయ్యి ఆర్పినందుకు పడ్డ శాపమో, దాన్ని ఆరకుండా కాసే శిక్ష వీడికి పడింది. లింబాద్రి ఆ మాటను ఒక చమత్కారంగా మలుద్దామని చూశాడు. అతకలేదు. కొంతకాలంగా ఏదీ అతకడం లేదు.

"నేనే ఆరిపోయిందని చెప్త తమ్మీ. నువ్వు పక్కకు జరుగు. వానకు ఆరిందంట."

"వద్దన్నా." రాజేశం మట్ట విరిచి మంటలో పెట్టాడు. "పాలు పొంగిచ్చిన పొయ్యి. నా బిడ్డ పేరు చెప్పి ముట్టిచ్చిన. నా చేతులతోని ఆర్పినంక దానికేమన్న అయితె? ఆ నాయిఫ్ గూడ ఎవని కొడుకో ఒకని కొడుకే గద. మంచిగైతున్నడు."

"అట్లయితె సచ్చేదాక గీడనే కూసుంటవా?"

రాజేశం ఇంకో మట్ట అందుకున్నాడు. ఆ సాయంత్రం అక్క ఫోను చేసి, పిల్లను బళ్లో వేశామని చెప్పింది. తండ్రి పేరు అడిగితే మన్విత మేనత్త భర్త పేరు చెప్పిందట. సార్లు అదే రాసుకున్నారట. అక్క దాన్ని నవ్వుతూ చెప్పింది. రాజేశం కూడా నవ్వాడు. తర్వాత ఫోను జేబులో పెట్టి, మంట ఎగదోశాడు. లింబాద్రి ఆ పూటే నిర్ణయించుకున్నాడు.

నాయిఫ్ చేతికర్రతో ఇంటికొచ్చాడు. శుక్రవారం విందు పెట్టి, అబూ నాయిఫ్ రాజేశాన్ని స్వయంగా పికప్పులో తీసుకెళ్లాడు. లింబాద్రి గుడారం దగ్గరి తొట్టిలోంచి బకెట్టు నింపుకుని పాత ఇంట్లోకి వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం. కూలిన కప్పులోంచి ఎండ నేరుగా పొయ్యి మీద పడుతోంది. రాళ్లు ఎర్రగా, చూస్తున్నట్టు ఉన్నాయి. లింబాద్రి నీళ్లు కుమ్మరించాడు. ఆవిరి ముఖానికి కొట్టింది. రాళ్లు టపటపా పగిలాయి. ఒక పెళ్ల ఎగిరొచ్చి ఆయన ముంజేతిని కోసింది. రెండో బకెట్టు, మూడో బకెట్టు పోశాడు. నల్లటి బురద మిగిలింది. దాని పక్కనే కూలబడ్డాడు.

రాజేశం చేతిలో మాంసం పొట్లంతో వచ్చి గడపలోనే నిలబడిపోయాడు.

"నేనే ఆర్పిన. నీ చెయ్యి గాదు. సరేనా? నీ బిడ్డకేం సంబంధం లేదు, ఏమన్న అయితె నా పిల్లలకే."

రాజేశం పొట్లం విసిరికొట్టి ఆయన చొక్కా పట్టుకుని గోడకేసి గుద్దాడు. రెండు దెబ్బలు కొట్టాడు. మూడోది కొట్టబోయి, వదిలేసి, అక్కకు ఫోను చేశాడు. "బిడ్డేది? బిడ్డేది అక్కా?" పిల్ల అన్నం తింటోంది. పెరుగు కావాలని పేచీ పెడుతోంది. ఆ పేచీ ఫోనులోంచి గది నిండా వినబడింది. రాజేశం ఫోను చెవికి అంటించుకుని, ఆ ఏడుపు ఆగిపోయేదాకా విన్నాడు. పెట్టేశాక లింబాద్రి ముంజేతికి గుడ్డ కట్టాడు.

అబూ నాయిఫ్ తన ఇంటి మేడ మీంచి రోజూ పొగ చూసుకుంటాడు. ఆ సంగతి తెలుసు కనక లింబాద్రి పాత ఇంటి పెరట్లో చిన్న మంట వేసి, పచ్చి మట్టలు కప్పి పొగ పుట్టించాడు. కొన్నాళ్లు అలాగే నడిచింది. లోపల పొయ్యి చల్లగా పడి ఉంది. నాయిఫ్ తింటున్నాడు, తిరుగుతున్నాడు, కర్ర కూడా మానేశాడు. అప్పుడు లింబాద్రి వెళ్లి ముసలాయనను పిలుచుకొచ్చాడు.

ఈసారి అబూ నాయిఫ్ గడప దాటాడు. పగిలిన రాళ్లను చూశాడు. వంగి బూడిదలో చెయ్యి పెట్టాడు. వేళ్లకు చల్లటి మసి అంటుకుంది.

"ఎప్పుడు?"

"నువ్వు విందు పెట్టిన రోజు, బాబాయ్. నేనే. నీ కొడుకు బాగానే ఉన్నాడు చూడు. అది రాయి, ఇది నిప్పు, అంతే. వీడిని పంపించెయ్యి. బిడ్డ వీడిని మరిచిపోతోంది."

ముసలాయన మసిచేత్తోనే జేబులోంచి ఫోను తీసి కొడుక్కు చేశాడు. అవతల నాయిఫ్ గొంతు విసుగ్గా పలికింది. వెనక ఫుట్‌బాల్ ఆట హోరు. ఏంటి నాన్నా, మ్యాచ్ చూస్తున్నానన్నాడు. ఏం లేదన్నాడు తండ్రి. ఫోను పెట్టాక అక్కడే బూడిద పక్కన కూర్చున్నాడు. లింబాద్రికి ఆయన ముఖం చూసి లోపల ఆశ కలిగింది. అంత తేలికపడ్డ ముఖం ఆయనకు ఎన్నడూ లేదు. ఆ తేలికలోంచే ఇంకేదో మెల్లగా గట్టిపడటం కూడా లింబాద్రి చూశాడు.

"ఇన్నాళ్లు నా ఇల్లు ఒక ఆడమనిషి మాట మీద నిలబడిందనుకున్నాను" అన్నాడు అబూ నాయిఫ్. "తర్వాత వీడి చెయ్యి మీద నిలబడిందనుకున్నాను. నువ్వు ఒక బకెట్టు పోసి, పొగతో నన్ను ఆడించి, నాకే చూపిస్తున్నావు. ఇక నా కొడుకు పరాయివాడి నిప్పు మీద, పరాయివాడి నీళ్ల మీద, పరాయివాడి నోటి మీద బతకనక్కర్లేదు." లేచి చెయ్యి గోడకు తుడుచుకున్నాడు. "వీడికి ఖురూజ్ ఇస్తాను. నీకూ ఇస్తాను. ఖాదర్‌కూ ఇస్తాను. నా భూమిలో ఎవరూ వద్దు. ఈ ఇల్లు బాగుచేయించి టూరిస్టులకు ఇద్దామని నాయిఫ్ ఎప్పట్నుంచో అంటున్నాడు."

"ఖాదర్ భాయ్ ఏం చేశాడు బాబాయ్? కొత్త పంట పూతకొచ్చింది. ఆయన కట్టిన గుడారాలవి."

"భూమి ఎవరిది?"

లింబాద్రి అరబ్బీలోనూ తెలుగులోనూ వెతికాడు. ఆ ప్రశ్నకు ఏ భాషలోనూ మెలిక దొరకలేదు.

రాజేశం వెళ్లిపోయాడు. పోతూ ఖాదర్ కాళ్లు పట్టుకోబోతే ఖాదర్ వెనక్కి జరిగాడు. "నీ తప్పేముందప్పా. పో, బిడ్డను చూసుకో." లింబాద్రి వైపు మాత్రం తిరిగి, "నువ్వు నోరు తెరిచి ఒకసారి ముంచినావు, మూసుకొని నీళ్లు పోసి ఇంకోసారి ముంచినావు. నిన్ను యాడ పెట్టుకోవాలప్పా నేను?" అన్నాడు.

ఆఖరి రోజు పొద్దున లింబాద్రి, ఖాదర్ ఇద్దరి సామాన్లూ కట్టి దారిలో పెట్టి ఉన్నాయి. ఎయిర్‌పోర్టుకు దింపడానికి నాయిఫ్ కొత్త కారు వేసుకొచ్చాడు. ఖాదర్ కనిపించలేదు. వెతుక్కుంటూ పోతే గుడారంలో ఉన్నాడు. నీళ్ల మోటారు వేసి, సన్న గొట్టాలు ఒక్కో వరుసకూ తిప్పుతున్నాడు. రాత్రి జారిన తీగలను దారానికి ఎక్కించి ముడి వేస్తున్నాడు. కీర పువ్వులు పచ్చగా, లెక్కలేనన్ని విచ్చుకుని ఉన్నాయి.

"భాయ్, ఇయ్యాల్నే కరెంటు తీసేస్తరట. ఎవలకోసం గీ నీళ్లు?"

ఖాదర్ ఇంకో ముడి బిగించాడు. దారపు ఉండ లింబాద్రి మీదికి విసిరాడు. లింబాద్రి పట్టుకుని, పక్క వరుసలోకి దిగి, జారిన తీగ ఒకటి ఎత్తాడు. బయట నాయిఫ్ హారన్ కొట్టాడు. కాసేపాగి మళ్లీ, ఈసారి పొడుగ్గా కొట్టాడు. ఇద్దరూ ఆ వరుస చివరిదాకా కట్టి, తర్వాతి వరుసకు తిరిగారు.